కొత్త సంవత్సరం సంకల్పం ఉగాది దాకా నిలబడాలంటే

జనవరి ఒకటిన మొదలుపెట్టకండి. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ళలో జనవరి మొదటి రెండు వారాలూ పెద్దపండగ పనులకే సరిపోతాయి. కళ్ళంలో నూర్పులు, గోడలకు సున్నాలు, అరిసెల పాకం, ఊళ్ళ నుంచి దిగే చుట్టాలు. ఈ హడావిడిలో ఎత్తుకున్న నడకైనా పొదుపైనా భోగినాటికి ఆగిపోతుంది. ఆగినదాన్ని మళ్ళీ ఎత్తుకోవడానికి మనసొప్పదు. కనుమ వెళ్ళాక, జనవరి 17 ప్రాంతంలో మొదలుపెట్టండి. ఈలోపు చేయాల్సింది, ఏ పనో తేల్చుకుని కాగితం మీద రాసుకోవడం.

ఆంధ్ర సరిహద్దులో ఉన్నందుకు మనకు ఏడాదికి మూడు కొత్త సంవత్సరాలు: జనవరి 1, ఉగాది, ఏప్రిల్ 14 ప్రాంతంలో ఒడియావాళ్ళ పణా సంక్రాంతి. కాబట్టి పన్నెండు నెలల గడువు పెట్టుకోనక్కర్లేదు, ఉగాది వరకు చాలు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా కుదరడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. జనవరి 17న మొదలుపెడితే 66వ రోజు మార్చి 23. అంటే ఉగాది అటూ ఇటూ. ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి.

ఇక రాయడం. వ్రతం దగ్గర పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు దేశం, కాలం, తిథి, గోత్రం, పేరు, చేయబోయే పని, ఏదీ వదలరు. మన సొంత సంకల్పం దగ్గరికి వచ్చేసరికి 'ఈ ఏడు ఆరోగ్యం చూసుకోవాలి' అని ఊరుకుంటాం. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి లేనిదాన్ని రేపటికి వాయిదా వేయడం తేలిక. 'ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఇంత చేస్తాను' అని రాయండి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో వివరించిన పద్ధతీ ఇలాంటిదే.

గడియారం వేళ కంటే రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టడం మేలు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోవచ్చు, చుట్టాలు రావచ్చు, బస్సు ఆలస్యం కావచ్చు. అన్నాలు తిన్నాక గిన్నెలు తీయడం మాత్రం తప్పదు. అందుకని 'ఎనిమిదింటికి' బదులు 'గిన్నెలు తీశాక' అని రాయండి.

ఎంత చేయాలన్నది హుషారుగా ఉన్న రోజును బట్టి తేల్చకండి. బాగా అలిసిపోయి ఇంటికొచ్చిన రోజున కూడా చేయగలిగేది ఎంతో చూసి అంతే పెట్టుకోండి. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 30 నిమిషాల చొప్పున అయిదు రోజులు అన్నమాట. అది గమ్యం. మొదటి మూడు వారాలు పొద్దున్న చోడి అంబలి తాగాక పది నిమిషాల నడక చాలు.

ఒకేసారి ఒకటి, మహా అయితే రెండు. నడక, పొదుపు, ఇంగ్లీషు, ఫోన్ తగ్గించడం అని నాలుగు రాసుకుంటే దాదాపు నాలుగూ పోతాయి.

మన వైపు చాలా ఇళ్ళకు పనికొచ్చే సంకల్పం ఒకటుంది: ఒడియా మీడియంలో చదివే బిడ్డలకు తెలుగు చదవడం నేర్పడం. మాట వచ్చు, అక్షరం రాదు. 'ఈ ఏడు తెలుగు నేర్పిస్తాను' అనకుండా 'రాత్రి అన్నం తిన్నాక, అదే చాప మీద, పది నిమిషాలు' అని రాయండి. వారానికి నాలుగు అక్షరాల చొప్పున తొమ్మిది వారాలకు 36 అవుతాయి. 'అ'తో మొదలుపెట్టి వరసగా వెళ్ళకండి. ప, డ, వ, గ మొదటి వారం నేర్పితే వారాంతానికే పడవ, గడప చదివేస్తారు. మాట చదివిన సంతోషమే రెండో వారానికి లాక్కొస్తుంది. దీర్ఘం, గుడి, కొమ్ము అయిదో వారం నుంచి. ఝ, ఢ, ఛ లాంటి అరుదైన అక్షరాలు, వత్తులు ఉగాది తర్వాతకు వదిలేయండి.

తడబడే చోట్లు ముందే తెలిస్తే కోపం రాదు. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ అని హ్రస్వ దీర్ఘాలకు వేరే అక్షరాలు లేవు. కాబట్టి నెల, నేల ఒకలాగే చదువుతారు. కొన, కోన కూడా అంతే. జంటగా రాసి చదివించండి. ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది, మనకు తల మీద వస్తుంది. రాయడంలో అది పక్కకు జరగొచ్చు. ఒడియా 'ఠ' అచ్చం సున్నలా ఉంటుంది, మన సున్నను 'ఠ' అనుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ల-ళ తేడా మాత్రం వాళ్ళకు నేర్పనక్కర్లేదు, ఒడియాలో రెండూ ఉన్నాయి. ఈ విషయంలో హైదరాబాదు పిల్లల కంటే మనవాళ్ళే నయం!

పొదుపుకు పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా ఇంత అని కట్టే రికరింగ్ డిపాజిట్) తేలిక. నెలకు కనీసం 100 రూపాయలు, ఆపైన పదుల్లో, అయిదేళ్ళు. ఖాతా తెరిచే తేదీ చూసుకోండి. నెలలో 15వ తేదీలోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలాఖరు పనిరోజు దాకా గడువుంటుంది. ఒకటో తేదీ జీతమైతే మొదటిది బాగుంటుంది. సూరత్ నుంచో చెన్నై నుంచో ఇంటికి డబ్బు నెల మధ్యలో వస్తుంటే 16 తర్వాతే తెరవండి. తప్పిన నెలకు వందకు రూపాయి చొప్పున రుసుము, నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, పునరుద్ధరించుకోవడానికి రెండు నెలలే. అందుకే పంట డబ్బు చేతిలో ఉన్న నెల చూసి 1,000 పెట్టకుండా, జులైలో కూడా కట్టగలిగే 200, 300తో తెరవండి. నెలకు 300 అంటే అయిదేళ్ళకు అసలే 18,000.

మానేసే సంకల్పాలు కష్టం. స్వీడన్‌లో 1,066 మందితో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒకటి చేస్తామని పెట్టుకున్నవాళ్ళలో దాదాపు 59 శాతం, మానేస్తామని పెట్టుకున్నవాళ్ళలో 47 శాతం ఏడాది చివర తాము నెగ్గామన్నారు. గుడాకు అంటే పళ్ళకు రుద్దుకునే పొగాకు ముద్ద. 'గుడాకు మానేస్తాను' అని రాస్తే పొద్దున్న లేవగానే చేతికి పని ఉండదు. 'లేవగానే వేపపుల్లతో పళ్ళు తోముకుని టీ తాగుతాను' అని రాయండి, గుడాకు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. ఏళ్ళ తరబడి అలవాటైతే ఒక్కరే తంటాలు పడొద్దు. పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 1800112356.

గోడ క్యాలెండర్‌లో చేసిన రోజుకు టిక్కు పెట్టండి. తప్పిన రోజును ఖాళీగా వదిలేయండి, ఇంటూలు పెట్టకండి. ఒక రోజు తప్పితే అలవాటు చెడదని లాలీ అధ్యయనమే చెప్పింది. వరసగా రెండో రోజు తప్పకుండా చూసుకుంటే చాలు. నిన్నటిదీ కలిపి రెట్టింపు చేయబోవద్దు, మూడో రోజు ఒళ్ళు మొరాయిస్తుంది. పెళ్ళికి ఊరెళ్తే సగమే చేయండి, టిక్కు మాత్రం పూర్తిగా పెట్టుకోండి.

ఉగాది నాడు టిక్కులు లెక్కపెట్టండి. పది రోజుల్లో ఎనిమిది వస్తే పరిమాణం కొద్దిగా పెంచండి, పది నిమిషాల నడక పదిహేను చేయండి. సగానికి తక్కువైతే ముడిపెట్టిన పని మార్చండి. తిన్నాక కుదరకపోతే బిడ్డలు స్కూలు నుంచి రాగానే. అప్పటికీ కుదరకపోతే పరిమాణం సగం చేసి పణా సంక్రాంతి దాకా చూడండి. రెండుసార్లు మార్చినా నడవనిది మీకు అసలు అక్కర్లేని పని అయ్యుండొచ్చు, దాన్ని కొట్టేసి వేరేది రాయండి. ఏప్రిల్ నుంచి ఎండలు ముదురుతాయి కాబట్టి నడకను మాత్రం అంబలి తర్వాతకు కాక తెల్లారకముందుకు మార్చుకోవాలి.