ఎండా, చర్మం – 3వ పాఠం: రెండు వేళ్ల కొలత

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను, ఇంట్లో ఉన్న సన్‌స్క్రీన్ ట్యూబు తీసి ముందూ వెనకా ఉన్న రాతలన్నీ చదవమని. చదివినవాళ్లకు ఎస్‌పీఎఫ్ పక్కన ఒక అంకె, పీఏ పక్కన కొన్ని ప్లస్ గుర్తులు, ఎక్కడో మూల ఎక్స్‌పైరీ తేదీ కనిపించే ఉంటాయి. మొదటి రెండు పాఠాలు చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో రెండు రకాలు మన దాకా వస్తాయి. యూవీబీ చర్మం కందిపోయేలా చేస్తుంది, దాని నుంచి ఎంత రక్షణ ఉందో ఎస్‌పీఎఫ్ అంకె చెబుతుంది. యూవీఏ ఇంకా లోపలికి దిగుతుంది, నల్లబరుస్తుంది, ఉన్న మచ్చల్ని ముదరబెడుతుంది, ముడతలు తొందరగా తెస్తుంది, దాని సంగతి పీఏ ప్లస్‌లు చెబుతాయి. ఈ పీఏ పద్ధతి జపాన్‌ది, అందులో నాలుగు ప్లస్‌లే గరిష్ఠం. మన ఎండలకి ఎస్‌పీఎఫ్ 30కి, పీఏ మూడు ప్లస్‌లకి తగ్గకుండా చూసుకుంటే కొనడం వరకు పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు పాఠం. కొన్నాక ఎంత రాయాలి?

చాలామంది షాపులో 30 తీసుకోవాలా 50 తీసుకోవాలా అని అరగంట ఆలోచించి, ఇంటికొచ్చాక శనగగింజంత తీసి ముఖమంతా పామేసి బయటికి వెళ్లిపోతారు. 30 సరిగ్గా రాస్తే యూవీబీలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. రెంటికీ తేడా అంతే. కానీ ఆ 97 అయినా 98 అయినా ల్యాబ్‌లో వచ్చిన లెక్కలు, అక్కడ చర్మం మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి, ఆ మందం ఉన్నప్పుడు కొలిచి ఆ అంకె వేస్తారు. మామూలుగా జనం రాసుకునేది అందులో పావు వంతు నుంచి సగం దాకానే ఉంటుందని ఇప్పటికే చాలా పరిశీలనల్లో తేలింది. సగమే రాస్తే సగం రక్షణ కూడా రాకపోవచ్చు. అంటే ఎస్‌పీఎఫ్ 50 కొనుక్కుని, డబ్బులు 50కి కట్టి, ముఖం మీద మాత్రం 15కో 10కో సరిపడే పొర వేసుకుని తిరుగుతున్నాం. ఈ ధారావాహికలో మీరు ఒక్క పాఠమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి, అంకె కన్నా కొలత ముఖ్యం.

కొలత ఎలా? తూకం అక్కర్లేదు, వేళ్లు చాలు. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన చాచండి. వేలు మొదలు దగ్గర నుంచి కొస దాకా ఒక్కో వేలి మీద ఒక్కో గీతలా క్రీము పిండండి, ట్యూబు మూతి ఎంత లావుంటే గీత అంత లావు రావాలి, సన్నగా దారంలా లాగొద్దు. ఈ రెండు గీతలు ముఖానికి, చెవులకి, మెడ ముందు భాగానికి కలిపి. ఆ మొత్తం చోటు సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన 1.2 గ్రాములు కావాలి, రెండు వేళ్ల మీద పట్టేది దాదాపు అంతే. పల్చగా నీళ్లలా ఉండే రకం అయితే వేలి మీద నిలవదు, దాన్ని పావు టీస్పూనుకి తగ్గకుండా కొలుచుకోండి. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది. అనిపించాలి కూడా, ఎందుకంటే ఇన్నాళ్లూ మన చేతికి అలవాటైన కొలతే తప్పు.

దీన్నుంచి ఇంకో లెక్క వస్తుంది, ఇది మీ ఇంట్లోనే చేసి చూడొచ్చు. 50 గ్రాముల ట్యూబు కొత్తది తెరిచినరోజు దాని వెనక మార్కర్‌తో తేదీ రాయండి. రోజుకి ఒక్కసారి, ముఖానికీ మెడకీ మాత్రమే రాసినా సరైన కొలతతో అది 40 రోజుల దగ్గర అయిపోవాలి. నాలుగు నెలలు వచ్చిందంటే పొదుపు చేసినట్టు కాదు, రోజూ మూడో వంతే రాశారని అర్థం. ఇంట్లో ముగ్గురు వాడుతూ కూడా అదే ట్యూబు ఎండాకాలమంతా నడుస్తోందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఖర్చు మాట వస్తుంది, తప్పకుండా మాట్లాడుకోవాలి. 50 గ్రాములు 400 రూపాయలైతే ఒక్కసారి రాయడానికి దాదాపు 10 రూపాయలు పడుతుంది. ట్యూబు 1200 అయితే 30 రూపాయలు, మధ్యాహ్నం ఇంకోసారి రాస్తే రోజుకి 60. ఖరీదైనది కొంటే మనసొప్పక చెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది, ఇది మనుషుల సహజ గుణం. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: మీరు బాధపడకుండా రెండు వేళ్ల నిండా పిండుకోగలిగిన ధరలో ఉన్నదే మీకు మంచి సన్‌స్క్రీన్. పక్కింటమ్మాయి వాడుతున్న 1500 రూపాయల కొరియా సీరం సన్‌స్క్రీన్ చుక్కలు చుక్కలుగా రాయడం కన్నా, మెడికల్ షాపులో దొరికే సాదా క్రీము చెయ్యి ముడుచుకోకుండా రాయడం వెయ్యి రెట్లు నయం.

సరే, వేళ్ల మీదకి తీసుకున్నాం. ఒకేసారి ముఖానికి పులిమేస్తే తెల్లగా తేలి, చారలు కట్టి, అద్దంలో చూసుకుని విసుగొచ్చి కడిగేస్తారు. అలా కాదు. ముందు ఒక వేలి మీదది మాత్రమే తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం, మెడ మీద చుక్కలు పెట్టి మెల్లగా పరవండి. రుద్దొద్దు, రుద్దితే ఒకచోట పల్చనై ఇంకోచోట పేరుకుంటుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, జుట్టు దువ్వుకునో బ్యాగు సర్దుకునో వచ్చి, రెండో వేలిది అలాగే రాయండి. రెండు పల్చని పొరలుగా వేస్తే తెలుపు తక్కువ తేలుతుంది, మొదటిసారి వదిలేసిన చోట్లు రెండోసారి కవర్ అవుతాయి. బయటికి వెళ్లడానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు ఈ పని ముగించండి, పొర సర్దుకుని ఆరడానికి ఆ టైమ్ కావాలి.

వదిలేసే చోట్లు అన్నాను కదా. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్లు 2017లో కొంతమంది చేత మామూలుగా సన్‌స్క్రీన్ రాయించి, యూవీ కెమెరాతో ఫొటోలు తీశారు. ఆ కెమెరాలో క్రీము ఉన్నచోట నల్లగా, లేనిచోట తేటగా కనిపిస్తుంది. ముఖంలో దాదాపు పదో వంతు వదిలేశారు, అన్నిటికన్నా ఎక్కువగా కనురెప్పలూ కంటి లోపలి మూలా ముక్కూ కలిసే చోటు. అక్కడి చర్మం ముఖం మొత్తంలో పల్చనిది. రాస్తే కళ్లు మండుతాయని వదిలేస్తారు, నిజంగానే కొన్ని క్రీములు చెమటతో కలిసి కంట్లోకి దిగితే బాగా మండుతాయి. అలాంటివాళ్లు కళ్ల చుట్టూ వరకు జింక్ ఆక్సైడ్ ఉన్నది గానీ స్టిక్ రూపంలో వచ్చేది గానీ వాడి చూడండి, లేదంటే మంచి చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. మన వాళ్లు మరిచిపోయే చోట్లు ఇంకా కొన్ని ఉన్నాయి. చెవుల అంచులు, మెడ వెనక, జాకెట్టు మెడ కింద కనిపించే వీపు, చెప్పుల పట్టీల మధ్య మీగాలు, హ్యాండిల్ పట్టుకున్నప్పుడు సూర్యుడికి ఎదురుగా ఉండే చేతులు. స్కూటీ నడిపేవాళ్ల చేతులు చూడండి, వేళ్ల కణుపుల నుంచి మణికట్టు దాకా ఒక రంగు, మోచేయి పైన ఇంకో రంగు ఉంటుంది. ఒక్కో చేతికి, భుజం నుంచి వేళ్ల దాకా, ముఖానికి వాడినట్టే రెండు వేళ్ల కొలత పడుతుంది.

అన్నీ లెక్కేస్తే ఒళ్లంతటికీ ఒక్కసారికి 30 మిల్లీలీటర్లకి పైనే కావాలి. వైజాగ్ బీచ్‌కి వెళ్లి నీళ్లలో ఆడితే తప్ప రోజూ అంత ఎవరూ రాయలేరు, రాయాల్సిన పనీ లేదు. అందుకే మిగతా శరీరానికి నేను గుడ్డనే ముందు పెడతాను. మిరప కోతలకి వెళ్లే ఆడవాళ్లను గమనించారా, చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, తల మీదుగా చెవులు మూసేలా తువ్వాలు చుట్టుకుని చేలో దిగుతారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉండే మనిషికి అంతకన్నా నమ్మకమైన రక్షణ ఏ ట్యూబులోనూ లేదు. చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు. రోజు కూలి మీద బతికే మనిషికి ట్యూబు కొనుక్కోమని సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. అలాంటి అమ్మలు మీ ఇంట్లో ఉంటే నేత దగ్గరగా ఉన్న ఒక మంచి చొక్కా, వెడల్పు అంచున్న టోపీ కొనిపెట్టండి, క్రీము అనేది ముఖానికీ అరచేతుల వెనక వైపుకీ అయినా చాలు. నేత ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి కనిపించే పల్చని చున్నీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, రెండు మడతలు వేసి కట్టుకోండి.

మళ్లీ రాయడం గురించి. బయట ఉంటే రెండు గంటలకోసారి అని చాలా ట్యూబుల మీద ఉంటుంది, చెమట తుడుచుకున్నా ముఖం కడుక్కున్నా ఆ రెండు గంటలు ఆగకుండా అప్పుడే మళ్లీ రాయాలి. మే నెలలో విజయవాడలో బస్టాండు దాకా నడిస్తేనే కర్చీఫ్ తడిసిపోతుంది, ఆ కర్చీఫ్‌తో పాటు పొద్దున రాసిన పొరలో కొంత పోయినట్టే. తుడవకుండా అద్దుకోవడం నేర్చుకోండి, చిన్న మార్పే గానీ పొర ఇంకాసేపు నిలుస్తుంది. పొద్దున తొమ్మిదికి ఆఫీసులోకి వెళ్లి సాయంత్రం ఆరుకి బయటికొచ్చేవాళ్లు మధ్యలో రాసుకోకపోయినా కొంపలు మునగవు, కిటికీ పక్కన కూర్చుంటే తప్ప. మామూలు గాజు యూవీబీని దాదాపుగా ఆపుతుంది గానీ యూవీఏలో చాలా భాగాన్ని వదిలేస్తుంది, అందుకే కిటికీ వైపు బుగ్గ కందదు, కానీ మెల్లగా నల్లబడుతుంది. కారు పక్క అద్దాలదీ చాలావరకు అదే కథ. మధ్యాహ్నం లంచ్‌కి బయటికి వెళ్తే మాత్రం వెళ్లే ముందు ఇంకోసారి రాసుకోండి.

మేకప్ వేసుకునేవాళ్లు తరచూ అడిగేది, ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ 20 ఉంది, కింద 30 రాశాను, మొత్తం 50 అయినట్టేనా అని. కాదు. అంకెలు కలవవు. ఫౌండేషన్‌ని రెండు వేళ్ల కొలతతో ఎవరూ రాయరు కాబట్టి దాని అంకెని లెక్కలోకే తీసుకోవద్దు, కిందున్న సన్‌స్క్రీన్ మీదే ఆధారపడండి. రెండిటినీ అరచేతిలో కలిపి రాయడం అసలే వద్దు, పొర తెగిపోతుంది. ముందు మాయిశ్చరైజర్, అది ఇంకాక సన్‌స్క్రీన్, ఆ తర్వాతే మిగతావి.

ఆరు నెలల లోపు పసిపిల్లలకి ఇవేవీ రాయొద్దు, వాళ్లకి నీడ, గుడ్డ, ఎండ తగ్గిన వేళ, అంతే. పెద్ద పిల్లలకి రాసేముందు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు చూడండి, పెద్దవాళ్లకైనా కొత్త క్రీము అయితే అదే పద్ధతి. ట్యూబుని స్కూటీ డిక్కీలోనో కారు డాష్‌బోర్డు మీదో వదిలేయొద్దు, ఆ వేడికి లోపల నూనె, నీరు విడిపోతాయి. పిండితే ముందు నీళ్లు వచ్చే ట్యూబుని తేదీ ఉన్నా పారేయండి. కొబ్బరినూనె, గంధం, ముల్తానీ మట్టి చర్మానికి వేరే రకంగా హాయిగా ఉండొచ్చు, ఎండని ఆపే పనికి మాత్రం సన్‌స్క్రీన్ బదులు వాడొద్దు.

ఈ వారం పని ఇది. ఒక సెలవు రోజు పొద్దున ఎనిమిదికి, పదింటికి, పన్నెండున్నరకి, సాయంత్రం నాలుగున్నరకి ఎండలో నిలబడి మీ నీడ చూడండి. నీడ మీకన్నా పొడవుగా ఉంటే అతినీలలోహిత కిరణాల తీవ్రత తక్కువ, మీకన్నా పొట్టిగా ఉంటే ఎక్కువ, కాళ్ల కిందే ముద్దలా పడిందంటే అత్యధికం. వేడితో దీనికి సంబంధం లేదు, డిసెంబరు చలిలో మధ్యాహ్నం పన్నెండుకి కూడా నీడ పొట్టిగానే పడుతుంది, పల్చని మబ్బు ఉన్నా కిరణాలు చాలావరకు దిగుతూనే ఉంటాయి. ఫోనులో వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అనే అంకె కూడా ఉంటుంది, నీడ చూసిన ప్రతిసారీ దాన్ని పక్కన రాసుకోండి. 3 నుంచి రక్షణ మొదలుపెట్టాలి, 11 గానీ ఆపైన గానీ ఉంటే అత్యంత తీవ్రం కింద లెక్క, మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు మబ్బు లేకపోతే ఆ అంకె దాటడం మామూలే.

వచ్చే పాఠం మందులూ మంగు మచ్చల గురించి. కొన్ని మాత్రలు వేసుకుంటున్నప్పుడు చర్మం ఎండకి మామూలు కన్నా తొందరగా కందిపోతుంది, మొటిమలకి ఇచ్చే డాక్సీసైక్లిన్ వాటిలో ఒకటి. మంగు ఉన్నవాళ్లకి కంటికి కనిపించే వెలుతురు కూడా చేటు చేస్తుంది, అక్కడ ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ పనికొస్తుంది. మీరు గానీ ఇంట్లోవాళ్లు గానీ రోజూ వాడుతున్న మాత్రలు, ముఖానికి రాసే ఆయింట్‌మెంట్లు ఏమేమిటో పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, డాక్టర్ రాసినవీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ రెండూ.