కుజుడు వెనక్కి ఎందుకు నడుస్తాడో థర్మోకోల్ షీటు మీద చూపించండి

శ్రీకాకుళం జిల్లాలో ఏ సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా రంగులేసిన బంతుల సౌరకుటుంబం ఒకటి ఉండి తీరుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, అది ఏ ప్రశ్నకీ జవాబు చెప్పదు. పంచాంగంలో కుజుడు వక్రించాడు అంటారు కదా, అంటే చుక్కల మధ్య తూర్పుకి జరుగుతూ పోయే కుజుడు ఇంచుమించు 26 నెలలకోసారి రెండు నెలలకు పైగా పడమరకి జరిగి మళ్లీ దారిలో పడతాడు. అదెందుకో చూపించే మోడల్ చేయండి.

థర్మోకోల్ షీటు, గుండుసూదులు, దారం, కోణమానిని ఏడు రోడ్ల జంక్షన్ వైపు వెళ్తే దొరుకుతాయి. బొట్టు బిళ్లలు ఇంట్లోనే ఉంటాయి. షీటు మీద ఒకే కేంద్రంతో రెండు వృత్తాలు గీయండి, భూమికి 10 సెంటీమీటర్ల వ్యాసార్థం, కుజుడికి 15.2. మధ్యలో సూర్యుడు. అక్కడి నుంచి గోడవైపు తిన్నగా ఒక గీత గీసి, అది రెండు వృత్తాల్నీ తాకిన చోట 4 అని రాయండి. దానికి అటు మూడు, ఇటు మూడు గుర్తులు పెట్టాలి: భూమికి 30 డిగ్రీలకొకటి, కుజుడికి 16 డిగ్రీలకొకటి, ఎందుకంటే మనం 365 రోజుల్లో చుట్టే సూర్యుణ్ణి చుట్టడానికి అతనికి 687 రోజులు కావాలి. ఒక్కో గుర్తు ఒక నెల. నంబర్లు గడియారం ముల్లుకి ఎదురుదిశలో పెరగాలి, ప్రతి గుర్తులోనూ ఒక సూది గుచ్చాలి.

ఇప్పుడు షీటుని గోడకి రెండు మీటర్ల దూరంలో టేబుల్ మీద పెట్టి, భూమి 1 నుంచి కుజుడు 1 మీదుగా దారం బిగించి లాగి, గోడకి తగిలిన చోట బొట్టు బిళ్ల అంటించి నంబరు వేయండి. అలా 7 దాకా. 1, 2, 3 ఎడమకి (అంటే తూర్పుకి) పోతాయి, 4, 5 వెనక్కొస్తాయి, 6, 7 మళ్లీ ఎడమకి. వేగంగా తిరిగే భూమి లోపలి దారిలో కుజుణ్ణి దాటేసేది 4 దగ్గరే, అందుకే అతను వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. గోడ దూరం దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, అరమీటరులో పెడితే ఆ వెనకడుగు దాదాపు కనబడదు. 2027 ఫిబ్రవరిలో కళింగపట్నం బీచ్‌లో చీకటి పడ్డాక సముద్రం మీద ఎర్రగా కనిపించే కుజుడు మీ 4వ గుర్తు దగ్గరే ఉంటాడు.

పక్కనే రెండో శతాబ్దపు టాలెమీ మోడల్ కూడా పెట్టండి, లేకపోతే సగం మజా పోతుంది. అతని లెక్కలో మధ్యలో భూమి. పెద్ద అట్ట చక్రం అంచున చిన్న చక్రం బిగించి, చిన్నదాని అంచున పెన్సిల్ పెట్టి రెండూ ఒకే వైపు తిప్పుతూ చిన్నదాన్ని బాగా వేగంగా తిప్పితే మెలికల ముగ్గులా గీత వస్తుంది. వక్రగతి ఇందులోనూ ఉంది! మరి మీ మొదటి మోడల్‌లోలా మధ్యలో సూర్యుడే అని 1543లో కోపర్నికస్ చెప్పిందే కరెక్ట్ అని ఎలా తేలుతుంది అని జడ్జి అడక్కమానడు.

జవాబు శుక్రుడు. చీకటి గదిలో బల్బు పెట్టి, మీకూ బల్బుకీ మధ్యలోనే ఒక బంతిని చిన్న వృత్తంలో తిప్పండి (టాలెమీ ఇలాగే అన్నాడు), వెలుగు నెలవంక దాటి పెద్దగా పెరగదు. అదే బంతిని బల్బు చుట్టూ తిప్పితే అవతలివైపు వెళ్లినప్పుడు దాదాపు నిండుగా కనిపిస్తుంది. 1610లో గెలీలియో టెలిస్కోప్‌లో చూడ్డం మొదలుపెట్టిన శుక్రుడి కళలు ఈ రెండో రకమే.

గట్టి జడ్జి అయితే ఇంకో మెలిక పెడతాడు: గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయన్న టైకో బ్రాహీ మోడల్‌కి కూడా ఈ కళలు సరిపోతాయి కదా అని. సరిపోతాయి, ఒప్పేసుకోండి, శుక్రుడు టాలెమీని మాత్రమే ఓడించాడు.