స్కేల్ మోడల్ కారు కట్టడం ఎలా? ముందు బాడీ, ఆ తర్వాతే ఇంజను

ప్లాస్టిక్ ముక్కలను అతికించి అసలు కారుకు చిన్న నమూనా కట్టుకునే కిట్ పెట్టెలో వచ్చే సూచనల కాగితం దాదాపు ఎప్పుడూ ఇంజనుతోనో ఛాసిస్‌తోనో మొదలవుతుంది. బాడీకి రంగు వేసే సంగతి చివరి పేజీలో ఒక చిన్న బొమ్మతో సరిపెడతారు. ఈ క్రమాన్నే నమ్ముకున్నవారు సీట్లు, చక్రాలు, ఇంజను అన్నీ ఓపికగా పూర్తిచేసి, ఇక కారు రూపం చూసుకోవాలన్న ఆత్రంలో బాడీకి ఒక్క సాయంత్రంలో రంగు కొట్టి, అది పూర్తిగా గట్టిపడకముందే వేళ్ళతో పట్టుకుని పాడుచేస్తారు. బల్ల మీద ఉన్న మోడల్‌లో చూసేవారి కంటికి మొదట ఆనేది బాడీయే గాని, బానెట్ కింద దాగిన కార్బురేటర్ కాదు. అందువల్ల సూచనల క్రమాన్ని తిరగేయాలి. బాడీతో మొదలుపెట్టి, దాని రంగు ఆరే రోజుల్లో మిగతా భాగాలను కట్టుకోవాలి.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. సన్నని మొన గల నిప్పర్, బ్లేడు మార్చుకునే చిన్న కత్తి, ట్వీజర్, 400 నుంచి 2000 నంబరు దాకా నీటిలో తడిపి వాడే ఉప్పు కాగితాలు, కిట్ భాగాల స్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచని జిగురు, మాస్కింగ్ టేపు, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత), రంగు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత), మెరుపు తెచ్చే పాలిష్ కాంపౌండ్ ఉంటే చాలు. వీటితోపాటు ద్రావకాల ఆవిరిని ఆపే కార్ట్రిజ్ మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపినా ఆవిరిని ఆపలేదు. రంగు వేసే చోట గాలి బాగా ఆడాలి, దగ్గరలో మంట ఉండకూడదు.

మొదటి కిట్‌గా ఇంజను లేనిదాన్ని, బానెట్ తెరుచుకోనిదాన్ని ఎంచుకోవాలి. జపాను కిట్లు ఎక్కువగా 1/24 పరిమాణంలోనూ (అసలు కారులో 24వ వంతు), అమెరికా కిట్లు ఎక్కువగా 1/25 పరిమాణంలోనూ వస్తాయి. తేడా చిన్నదే అయినా, ఒకదాని చక్రాలను మరోదానికి తగిలించాలని చూసినప్పుడు అది చక్రాన్ని కప్పే ఫెండరు దగ్గర బయటపడుతుంది.

భాగాలను స్ప్రూ నుంచి, అంటే అవన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి, ఎన్నడూ చేత్తో విరవకూడదు. మొదట భాగానికి కొంచెం దూరంగా కత్తిరించి, రెండోసారి అంచుకు దగ్గరగా కత్తిరించి, మిగిలిన మొటిమను ఉప్పు కాగితంతో తీసేయాలి. ఏ భాగమూ అవసరం రాకముందే స్ప్రూ నుంచి వేరుకాకూడదు, ఎందుకంటే దాని నంబరు స్ప్రూ మీదే ఉంటుంది.

కారు రూపాన్ని మార్చాలనుకుంటే ఆ పని ప్రైమర్ కంటే ముందే జరగాలి. కిట్‌ను కొనేవారి ఇష్టానికి వదిలే అలవాటు పాతదే. అమెరికా మోడల్ సంస్థ ఏఎంటీ 1958 నుంచే ఒకే పెట్టెలోని భాగాలతో కారును మామూలుగానో, కస్టమ్‌గానో, రేసు కారుగానో కట్టుకునే ‘త్రీ ఇన్ వన్’ కిట్లను అమ్మింది. అయితే అన్ని మార్పులూ ఒకే కారు మీద చేసి తీరాలన్న ఆరాటం మంచిది కాదు. మొదటి మోడల్‌లో రెండే మార్పులు చేయాలి: కారు ఎత్తు తగ్గించడం, చక్రాలు మార్చడం. ఇరుసు పట్టుకునే చోటును ఒక మిల్లీమీటరు పైకి జరిపినా 1/24 లో అది నిజమైన కారును 24 మిల్లీమీటర్లు దించినట్టు, అంటే కంటికి స్పష్టంగా కనిపించేంత. జిగురు పెట్టకుండా టేపుతో బాడీ, ఛాసిస్, చక్రాలను కలిపి నిలబెట్టి, నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయో లేదో, ఫెండరుకు తగులుతున్నాయో చూసుకోవాలి. రంగు వేశాక ఈ తగులుడు బయటపడితే చేయగలిగింది చాలా తక్కువ. ఇక వెనక తగిలించే పెద్ద రెక్కలంటారా, అవి నూటికి తొంభై మోడళ్ళలో కారు గీతను చెడగొట్టడానికే పనికివస్తాయి.

బాడీని దీపం వెలుగులో తిప్పి చూస్తే ఫెండర్ల మీదుగా, పైకప్పును మోసే స్తంభాల వెంట సన్నని గీతలు కనిపిస్తాయి. అచ్చు పలకలు కలిసిన చోట ఏర్పడే ఈ గీతలు అసలు కారు మీద ఉండవు కాబట్టి 600, 1000 నంబరు కాగితాలతో పూర్తిగా పోగొట్టాలి. దీనికి విరుద్ధంగా, తలుపుల చుట్టూ, డిక్కీ చుట్టూ ఉండే గాడులు అసలు కారువే. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి వాటిని పూడ్చేస్తాయి గనుక ముందే గాడి గీసే పనిముట్టుతోనో, కత్తి మొన వెనకవైపుతోనో మెల్లగా, ఎక్కువసార్లు లాగి లోతు చేయాలి. ఆ తర్వాత అచ్చు నూనె, చేతి జిడ్డు పోయేలా గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. వేడి నీరు వాడితే పలుచని స్తంభాలు వంకరపోతాయి. కడిగాక బాడీని వట్టి చేతులతో తాకకూడదు. లోపలివైపు టేపుతో ఒక డబ్బాకు బిగించి, ఆ డబ్బానే పిడిగా పట్టుకోవాలి.

ప్రైమర్ పలుచగా రెండు కోట్లు చాలు. దాని అసలు పని రంగు పట్టుకోవడం ఒక్కటే కాదు, తప్పులు చూపించడం కూడా. బూడిదరంగు ప్రైమర్ మీద అంతవరకు దాగిన గీతలన్నీ తేలుతాయి. వాటిని రుద్ది మళ్ళీ ప్రైమర్ వేయాలి. ఎర్ర ప్లాస్టిక్‌లో వచ్చిన బాడీకి తెల్లరంగో పసుపో వేస్తే ఎరుపు పైకి ఊరి గులాబీ ఛాయ వస్తుంది, కాబట్టి దానికి రంగును అడ్డుకునే వెండిపొర ఒకటి ముందు వేయాలి. ఎరుపు, పసుపు రంగులు అడుగును దాచలేవు. వాటికి అడుగున తెలుపో, లేత గులాబీయో ఉండాలి.

ఇక అందరూ చెడగొట్టే అంకం రంగు. ఇక్కడ తొందరపడేవారు మిగతా వ్యాసం చదవకపోయినా నష్టం లేదు.

ముందుగా ఏ రంగు అన్నది తేల్చుకోవాలి. స్టైరీన్ బాడీలకు మోడల్ సంస్థలు అమ్మే, వేగంగా ఆరే ల్యాకర్ రంగు స్ప్రే డబ్బాలే తగినవి. జపాను మోడల్ సంస్థ టామియా డబ్బాల్లో టీఎస్ వరుస స్టైరీన్ కోసం, పీఎస్ వరుస రేడియో కంట్రోల్ కార్ల పాలీకార్బొనేట్ బాడీల కోసం తయారైనవి. అక్షరం చూసుకోకుండా రెండోది కొనేవారు తక్కువేమీ కాదు. అసలు కార్లకు వాడే రంగుల ద్రావకాలు బలమైనవి, రక్షణగా మంచి ప్రైమర్ లేకపోతే ప్లాస్టిక్‌ను కొరికి పగుళ్ళు తెస్తాయి. పైగా వాటి మెటాలిక్ రేణువులు ఈ పరిమాణంలో చమ్కీల్లా కనిపిస్తాయి. మెల్లగా ఆరే ఎనామిల్ రంగు మీద ల్యాకర్ వేయకూడదు, ముడతలు పడుతుంది. ప్రైమర్ నుంచి క్లియర్ దాకా ఒకే సంస్థవి, ఒకే రకానివి వాడేవారికి ఈ గొడవలేవీ ఉండవు.

గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ లేనిదే మంచి రంగు రాదన్న మాట తరచు వినిపిస్తుంది. కంప్రెసరు, గొట్టం, రంగు పలుచన చేసే పాళ్ళు, ప్రతిసారీ సూదిని విప్పి కడగడం అన్నీ నేర్చుకునేలోపు కొత్తవారికి కారు మీద మోజే పోతుంది. బాడీ మొత్తానికి ఒకే రంగు వేయడానికి డబ్బాయే మేలు: విశాలమైన తుంపర, ముందే సరిచూసిన పాళ్ళు. ఎయిర్‌బ్రష్‌కు ఛాసిస్, సీట్ల వంటి చిన్న పనులున్నాయి, అక్కడ దాన్ని ఎవరూ కాదనరు.

రంగు పలుచగా ఎందుకుండాలో లెక్క వేసి చూడండి. 1/24 మోడల్ మీద 0.1 మిల్లీమీటరు మందాన రంగు పేరుకుంటే, అది అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల పొరతో సమానం. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపినా సుమారు 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లే. ఒకే దెబ్బకు మందంగా కొట్టిన మోడల్ బొమ్మలా కనిపించడానికి కారణం ఇదే.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున, ముఖ్యంగా వాన పడుతున్నప్పుడు, ల్యాకర్ కొట్టకూడదు. ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి, తేమ దాని మీద చేరి, రంగు పాలిపోయి తెల్లబారుతుంది. డబ్బాను సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కొన్ని నిమిషాలు నిలబెడితే లోపలి ఒత్తిడి కాస్త పెరిగి తుంపర సన్నబడుతుంది. పొయ్యి మీదా, మరిగే నీటిలోనూ ఎన్నడూ పెట్టకూడదు, డబ్బా పేలుతుంది. తర్వాత కనీసం ఒక నిమిషం బాగా కుదపాలి. మొదటి తుంపర బాడీ మీద కాక, ప్రైమర్ వేసిన ప్లాస్టిక్ చెంచా మీద పడాలి. రంగు ఎంత వేగంగా తడుస్తుందో, ఎక్కడ జారుతుందో ఆ చెంచా వంపు చెబుతుంది.

మొదటి రెండు కోట్లు పొగమంచులా ఉండాలి. 25 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ బయట నొక్కి, దాని మీదుగా ఒకే వేగంతో దాటించి, అవతలివైపు బయటే వదలాలి. బాడీ మీద నొక్కడం మొదలుపెట్టినా, అక్కడే వదిలినా చుక్కలు పడతాయి. ఈ కోట్ల తర్వాత ప్రైమర్ కొంత కనబడుతూనే ఉంటుంది; దాన్ని కప్పేయాలన్న కోరికను అణచుకోవాలి. అంచులు, ఫెండర్ వంపులు, గాడులు మొదట చూసుకుని, ఆ తర్వాతే చదునైన భాగాలకు రావాలి, ఎందుకంటే పదునైన అంచుల నుంచి రంగు వెనక్కి జారిపోతుంది. కోటుకూ కోటుకూ నడుమ 15 నిమిషాలు ఆగాలి. మూడో కోటును కొంచెం దగ్గరగా, 20 సెంటీమీటర్ల నుంచి, ఉపరితలం తడిగా మెరిసేంత వేయాలి; మెరుపు కనబడిన క్షణాన చేయి ఆగిపోవాలి. ‘ఇంకొక్కసారి’ అన్న ఆలోచనే జారుడు గీతలకు పుట్టినిల్లు. మెటాలిక్ రంగులకు ఈ తడి కోటు వర్తించదు: రేణువులు ఈది మచ్చలు కడతాయి గనుక వాటిని చివరిదాకా పలుచగానే వేసి, మెరుపును క్లియర్‌కు వదిలేయాలి.

దూరం మరీ ఎక్కువైతే తుంపర గాలిలోనే ఆరి ఉపరితలం గరుకవుతుంది. పొర సరిగ్గా సర్దుకోకపోతే నారింజ తొక్కలా గుంటలు పడతాయి. రంగు జారినా, దుమ్ము పడినా తడిగా ఉండగా వేలు పెట్టకూడదు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, 1500 నంబరు కాగితాన్ని తడిపి ఆ చోటు మాత్రమే రుద్ది, పలుచని కోటు మళ్ళీ వేయాలి. మెటాలిక్ రంగును ఇలా చోటుచోటుగా సరిదిద్దడం కుదరదు. రుద్దిన తర్వాత ఆ పలక మొత్తానికి రంగు వేయాలి.

పైపైన తాకితే అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. మొదటిది గంటలో జరుగుతుంది, రెండోదానికి వారమైనా పడుతుంది. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ద్రావకం వాసన వస్తున్నంతకాలం అది ఆరనట్టే. దుమ్ము పడకుండా ఒక పెట్టె బోర్లించి వదిలేసి, ఈ వారంలో సీట్లు, ఛాసిస్, కిట్‌లో ఉంటే ఇంజను కట్టుకోవచ్చు. ఇంజనుకు సన్నని తీగలతో ప్లగ్ వైర్లు తగిలిస్తే చాలు, మోడల్‌కు ప్రాణం వస్తుంది. క్రోమ్ పూత మీద జిగురు పట్టదు కాబట్టి అతికించే చోట పూతను గీకివేయాలి.

డెకాళ్ళుంటే (నీటిలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు) రంగు గట్టిపడ్డాకే గోరువెచ్చని నీటిలో నానబెట్టి అతికించి, ఒక రోజు ఆరనివ్వాలి. వాటి మీద ల్యాకర్ క్లియర్‌ను ఎకాయెకి తడిగా కొడితే డెకాళ్ళు ముడుచుకుంటాయి, కరుగుతాయి. కాబట్టి మళ్ళీ అదే పద్ధతి: పొగమంచు కోట్లు రెండు మూడు వేసి, అవి ఆరాక మాత్రమే ఒక తడి కోటు. క్లియర్‌కు మరో వారం ఇచ్చి, 2000 నంబరు కాగితాన్ని సబ్బు చుక్క కలిపిన నీటిలో తడిపి, చదునైన చోట్ల మాత్రం తేలిగ్గా రుద్ది, కాంపౌండ్ ముతకదానితో మొదలుపెట్టి సన్నదానితో ముగించాలి. తలుపు అంచులు, ఫెండరు మొనల మీద క్లియర్ పలుచగా ఉంటుంది, నాలుగు రుద్దులకే అడుగు బయటపడుతుంది. రుద్దేముందు వాటి మీద టేపు వేయాలి.

మిగిలింది తేలిక. కిటికీల చుట్టూ క్రోమ్ పట్టీలకు పలుచని లోహపు రేకు అతికించి, దూది పుల్లతో అదిమి, కొత్త బ్లేడుతో కోయాలి. పాత బ్లేడు రేకును చింపుతుంది. కిటికీ అద్దాలకు సూపర్ గ్లూ దగ్గరికి కూడా రానివ్వకూడదు, దాని ఆవిరి తెల్లని పొగమరకలు పరుస్తుంది; చెక్కపనికి వాడే తెల్ల జిగురు ఆరితే కనబడదు. ఆ తర్వాత బాడీ పక్కలను కాస్త వెడల్పు చేసి పట్టుకుని, ముందుభాగాన్ని మొదట పెట్టి, వెనక భాగాన్ని ఛాసిస్ మీదికి దించాలి. పక్క అద్దాలు, వైపర్లు, యాంటెనా ఈ పనంతా అయ్యాకే అతికించాలి, ముందే పెడితే బాడీ దించేటప్పుడు మొదట విరిగేవి అవే.