కిర్రు చెప్పులు కుట్టే చేతులకు ఇటలీ వెల్ట్ బూటు పని

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తోలుపని తెలిసిన కుటుంబాలకు ఆరె (తోలుకు రంధ్రం పొడిచే సూది) పట్టడం, రంపెతో (తోలు కోసే కత్తితో) తోలును పలచగా చెక్కడం, మైనం పట్టించిన దారాన్ని రెండు కొసలా బిగించి కుట్టడం కొత్తగా నేర్పవలసిన పనులు కావు. కిర్రు చెప్పులు, మోట తొండాలు చేసిన ఇళ్లలో ఈ విద్య పెద్దల నుంచి పిల్లలకు చేతులమీదుగానే వచ్చింది. ఇటలీలోని మార్కే ప్రాంతంలో, ఫెర్మో, మాచెరాతా జిల్లాల ఊళ్లలోనూ బూట్ల పని ఇలా ఇంటిపనిగానే పెరిగింది. అక్కడ పైతోలు కుట్టే పని చాలావరకు ఆడవాళ్లు తమ ఇళ్లలోనే చేసేవారు. వాళ్ల పద్ధతిలో మనం కొత్తగా పట్టుకోవలసినవి ముఖ్యంగా రెండు: కాలి ఆకారంలో చెక్కిన ఫర్మా, దానిమీద తోలును రోజుల తరబడి ఉంచి ఆరనివ్వడం. చెప్పులు కుట్టడం వచ్చిన వారిని దృష్టిలో పెట్టుకుని చేతి వెల్ట్ బూటు పనిని ఇక్కడ వివరిస్తున్నాను. వెల్ట్ అంటే పైతోలు చుట్టూ కుట్టే తోలు పట్టీ; కింది అట్టను ఆ పట్టీకే కుడతారు.

కొలత సాయంత్రం పూట తీసుకోవాలి, ఎందుకంటే పగలంతా నడిచిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. మనిషిని నిలబెట్టి, కాగితం మీద రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని గీత గీయండి. తర్వాత టేపుతో వేళ్ల మొదళ్ల చుట్టూ, పాదం మీది ఎత్తు చుట్టూ, మడమ నుంచి చీలమండ ముందు మడత వరకు చుట్టుకొలతలు తీయండి. ఫర్మా పాదం కంటే 10 నుంచి 15 మిల్లీమీటర్లు పొడవుండాలి. ఇటలీలో ఒక్కో సైజుకు తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు కాబట్టి 42వ సైజు ఫర్మా పొడవు 28 సెంటీమీటర్లు వస్తుంది. చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతో చెల్కల్లో నడిచినవారి పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. బజారులో దొరికే సన్నటి ఫర్మా వారికి సరిపోదు. అటువంటప్పుడు ఫర్మాను పారేయనక్కరలేదు. ఎక్కడ వెడల్పు కావాలో అక్కడ తోలు ముక్కలు అతికించి, అంచులు కనబడకుండా రాకితే అది ఆ మనిషి కాలికి సరిపోతుంది. ఇటలీ పనివాళ్లు చేసేదీ ఇదే.

తోలు ఎంపికలో రాజీ పడకూడదు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఆర్నో నది పక్కన సాంతా క్రోచే ఊరి చుట్టూ చెస్ట్‌నట్, మిమోసా, క్వెబ్రాచో చెట్ల సారంతో తోలు ఊనుతారు, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా పదును చేస్తారు. ఈ పద్ధతిని కాపాడడానికి అక్కడివారు 1994లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. మన లందల్లో (తోలు ఊనే గుంతల్లో) తంగేడు చెక్క, అంటే బెరడు, కరక్కాయ చేసిన పని అదే. పైతోలుకు క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో ఊనినది) వాడినా ఫరవాలేదు గానీ, లోపలి అట్టకు (పాదం ఆనే తోలు పొరకు), కింది అట్టకు (నేలకు తగిలే తోలు పొరకు) మాత్రం చెక్కతో ఊనిన తోలే కావాలి, ఎందుకంటే తడిపినప్పుడు ఒదిగి, ఆరినప్పుడు ఆ ఆకారాన్ని నిలుపుకుని, కుట్టును గట్టిగా పట్టి ఉంచేది అదే. గుర్తుపట్టడానికి ఒక నీటి చుక్క వేసి చూడండి. చెక్కతో ఊనిన తోలు ఆ చుక్కను పీల్చుకుని వెంటనే ముదురు రంగుకు మారుతుంది. ఈ తోలును ఇనుప బకెట్టులో గానీ, తుప్పు తేలే బోరు నీళ్లలో గానీ నానబెట్టవద్దు. ఊనిన సారం ఇనుముతో కలిస్తే నల్లటి మరకలు పడతాయి, అవి తేలిగ్గా పోవు. ప్లాస్టిక్ తొట్టి, శుభ్రమైన నీళ్లు చాలు.

పైతోలు 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందం ఉన్న దూడ తోలైతే మంచిది, అస్తరుకు మేకతోలు సరిపోతుంది. ఫర్మా మీద కాగితపు టేపు అతికించి, దానిమీదే గీతలు గీసి, ఊడదీసి చదును చేస్తే కత్తిరింపు నమూనా వస్తుంది.

అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న లోపలి అట్టను నానబెట్టి, ఫర్మా అడుగున మూడు మేకులతో నిలిపి, గుడ్డ పట్టీతో బిగించి చుట్టి ఆరనివ్వండి. ఆరాక అంచు నుంచి కొద్దిగా లోపలికి రంపెతో గాడి తీసి, కుట్టు పట్టుకోవడానికి తోలులోనే ఒక గట్టు మిగిల్చి, వంకర ఆరెతో 7, 8 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున రంధ్రాలు పొడవండి. యంత్రంతో చేసే గుడ్‌ఇయర్ పద్ధతిలో ఈ గట్టుకు బదులుగా గుడ్డ పట్టీని జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు ఊడితే బూటు పట్టు తప్పుతుంది. చేతిపని విలువ ఈ గట్టు దగ్గరే తెలుస్తుంది.

పైతోలును కొద్దిగా తడిపి ఫర్మాకు తొడిగి, ముందు బొటనవేలి కొసను పట్టకారుతో లాగి మేకు కొట్టండి. ఆ తర్వాత దానికి అటూ ఇటూ, ఆపైన మడమ, చివరికి పక్కలు. వేళ్ల చుట్టూ మడతలు రాక మానవు. ఒక్క పెద్ద మడతగా వదలకుండా చిన్న చిన్న మడతలుగా పంచి గూటంతో అణచాలి. దీన్ని కనీసం వారం రోజులు ఫర్మా మీదనే ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో మన వడగాలికి తోలు పైపైన ఆరి బిరుసెక్కుతుంది కాబట్టి నీడపట్టున పెట్టి, మొదటి రెండు రోజులు తడిపి పిండిన నూలుగుడ్డ కప్పాలి. వానాకాలంలో బూజు పట్టకుండా గాలి ఆడేలా ఉంచాలి. గిరాకీ తొందరపెట్టినా ఈ వారాన్ని తగ్గించవద్దు. ముందే తీసిన బూటు నెల తిరక్కుండా జారిపోతుంది.

ఇక వెల్ట్ కుట్టు. సుమారు 3 మిల్లీమీటర్ల మందం, 2 అడుగుల పొడవున్న తోలు పట్టీ తీసుకుని నానబెట్టండి. లినెన్ దారాన్ని పలు పోగులు పేని, తేనెమైనం, పైన్ చెట్టు బంక కలిపి రుద్దాలి. లాగేటప్పుడు రాపిడి వేడికి ఆ బంక మెత్తబడి, ఆగగానే రంధ్రంలో గట్టిపడుతుంది. అందుకే ఒక కుట్టు తెగినా పక్క కుట్లు వదలవు. గట్టు, పైతోలు, పట్టీ మూడింటినీ ఒకే ఆరె పోటుతో పొడిచి, దారం రెండు కొసలనూ ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చి లాగండి. కిర్రు చెప్పు కుట్టినవారి చేతికి ఈ బిగింపు మొదటిరోజే పట్టుబడుతుంది. ఇటలీ వారి సన్నటి బూట్లలో ఎక్కువగా కనబడేది 1858లో అమెరికాలో లైమన్ బ్లేక్ పేటెంట్ పొందిన యంత్రపు కుట్టు. అది తేలికగా వంగుతుంది గానీ కింది అట్ట నుంచి నేరుగా లోపలికి కుడతారు కాబట్టి ఆ రంధ్రాల గుండా తడి ఎక్కుతుంది. మన వానలకు, బురదకు వెల్ట్ కుట్టే మేలని నా గట్టి నమ్మకం.

చుట్టూ కుట్టిన వెల్ట్ మధ్య అడుగున ఏర్పడిన గుంటలో నడిమి పాదానికి స్టీలు పట్టీ పెట్టి, మిగతా చోటు కార్క్‌తో నింపండి. కింది అట్టకు బర్రె తోలు నానబెట్టి, బండమీద పెట్టి గూటంతో బాగా దంచితే గట్టిపడుతుంది. దాన్ని వెల్ట్‌కు అంగుళానికి 8 కుట్ల చొప్పున కుట్టండి. మడమకు తోలు పొరలను ఒకదానిమీద ఒకటి మేకులతో కూర్చి, అడుగున రబ్బరు ముక్క వేయండి. అంచులను గాజు పెంకుతో గీకి, మైనం పూసి, వేడి ఇనుముతో రుద్దితే నునుపు తేలుతుంది.

అంతా ఆరిన తర్వాతే ఫర్మా తీయాలి. తీసిన ఫర్మా మీద మనిషి పేరు, తేదీ రాసి దాచండి. కింది అట్ట అరిగి అతను తిరిగి వచ్చినప్పుడు వెల్ట్ కుట్టు కదపకుండా అట్ట ఒక్కటే విప్పి, అదే ఫర్మా మీద కొత్తది వేయవచ్చు. రెండో జత అడిగినా మళ్లీ మొదటి నుంచి కొలవనక్కరలేదు. పాదం మారిన చోట ఇంకో తోలు ముక్క అతికిస్తే సరిపోతుంది.