గనిలో డ్రోన్ సర్వే – 4వ పాఠం: ఎత్తు ఎక్కడి నుంచి?

పోయిన పాఠంలో జీఎస్‌డీ (గ్రౌండ్ శాంపుల్ డిస్టెన్స్) లెక్క చేశాం. సెన్సర్ వెడల్పును ఎగిరే ఎత్తుతో గుణించాలి. వచ్చినదాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్, ఫొటో అడ్డంలోని పిక్సెళ్లు, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. అప్పుడు ఒక పిక్సెల్ నేల మీద ఎంత మేర కప్పుతుందో తెలుస్తుంది. ఫాంటమ్ 4 ఆర్‌టీకే డ్రోన్ కెమెరాకి సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, లెన్స్ 8.8 మిల్లీమీటర్లు, ఫొటో అడ్డంగా 5472 పిక్సెళ్లు. 100 మీటర్ల ఎత్తుకి 2.74 సెంటీమీటర్లు వచ్చింది కదా. పొలాల మీదా, లేఅవుట్ల మీదా ఎగరేసేవాళ్లకి ఈ లెక్క సరిపోతుంది. గనిలో సరిపోదు. సూత్రంలో ఎత్తు అన్నచోట ఏ అంకె వెయ్యాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఈ పాఠమంతా ఆ ఒక్క అంకె గురించే.

గనిలో మూడు నేలలు

ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడి చూడండి. కాళ్ల కింద ఉన్నది అసలు నేల. ఒకపక్క బెంచీలు బెంచీలుగా, అంటే పెద్ద మెట్లలా, కిందికి దిగిపోయే క్వారీ. ఇంకోపక్క ఓబీ (ఓవర్‌బర్డెన్, ఖనిజం మీద నుంచి తవ్వి తీసేసిన) మట్టి పోసి పోసి పెంచిన డంపు. రామగుండం, మణుగూరు వైపు సింగరేణి ఓసీలు (ఓపెన్‌కాస్ట్ గనులు) చూసినవాళ్లకి ఈ డంపులు ఎంతెంత ఉంటాయో చెప్పక్కర్లేదు.

లెక్కకి వీలుగా ఒక చిన్న గని అనుకుందాం. క్వారీ అడుగు అంచుకి 40 మీటర్ల కింద ఉంది. డంపు తల అంచుకి 60 మీటర్ల పైన ఉంది. మీరు అంచు మీద నుంచి డ్రోన్ లేపి యాప్‌లో ఎత్తు 80 మీటర్లు, ముందు ఓవర్‌ల్యాప్ 80 శాతం, పక్క ఓవర్‌ల్యాప్ 70 శాతం అని పెట్టారు. చాలామంది వాడే అంకెలే ఇవి. ఓవర్‌ల్యాప్ అంటే ఒక ఫొటో పక్క ఫొటో మీద ఎంత మేర పడుతుందో అది; ముందుది ఎగిరే లైను వెంట, పక్కది లైనుకీ లైనుకీ మధ్య.

యాప్‌కి మీ గని గురించి ఏమీ తెలియదు. నేలంతా మీరు డ్రోన్ లేపిన చోటి మట్టంలోనే ఉందనుకుని లెక్క వేస్తుంది. 80 మీటర్ల ఎత్తు నుంచి ఒక ఫొటో నేల మీద 120 మీటర్ల అడ్డం, 80 మీటర్ల పొడవు కప్పుతుంది. 80 శాతం ఓవర్‌ల్యాప్ కావాలంటే 16 మీటర్లకి ఒక ఫొటో తియ్యాలి. 70 శాతం కోసం లైనుకీ లైనుకీ మధ్య 36 మీటర్లు ఉండాలి. ఈ 16, ఈ 36 ఒకసారి ఖాయమయ్యాక ఫ్లైట్ మొత్తం అవే. డంపు మీదికొచ్చినా మారవు.

ఇప్పుడు డ్రోన్ డంపు తల మీదికి వచ్చిందనుకోండి. స్క్రీన్ మీద ఎత్తు ఇంకా 80 అనే ఉంటుంది. కానీ డ్రోన్‌కీ మట్టికీ మధ్య ఉన్నది 20 మీటర్లే. ఆ ఎత్తు నుంచి ఒక ఫొటో కప్పేది 30 మీటర్ల అడ్డం, 20 మీటర్ల పొడవు. ఫొటోలు మాత్రం 16 మీటర్లకి ఒకటే పడుతున్నాయి. ముందు ఓవర్‌ల్యాప్ 80 నుంచి 20 శాతానికి పడిపోయింది. పక్కల సంగతి ఇంకా ఘోరం. ఫొటో అడ్డం 30 మీటర్లు, లైన్ల మధ్య దూరం 36. అంటే ప్రతి రెండు లైన్ల మధ్యా 6 మీటర్ల మేర డంపు తలకి అసలు ఫొటోయే లేదు.

ఇక్కడ నన్ను ఎక్కువగా భయపెట్టే విషయం ఒకటి ఉంది. ఫొటోలని కలిపి మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ ఈ పనిని మధ్యలో ఆపదు. ఫొటోలు లేనిచోట చుట్టుపక్కల పాయింట్లని కలుపుతూ ఒక నున్నటి ఉపరితలం గీసేస్తుంది. దాని మీద ఘనపరిమాణం లెక్కేసి దశాంశాలతో సహా అంకె చూపిస్తుంది. రిపోర్ట్ చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ అంకె మీదే కాంట్రాక్టర్ బిల్లు పాసవుతుంది. అందుకే వాల్యూమ్ చూసేముందు క్వాలిటీ రిపోర్ట్‌లోని ఓవర్‌ల్యాప్ బొమ్మ తెరవండి. డంపుల మీద ఎరుపు, పసుపు కనిపిస్తే ఆ వాల్యూమ్‌ని ఎవరికీ ఇవ్వకండి.

క్వారీ అడుగున దీనికి ఉల్టా జరుగుతుంది. అక్కడ ఎత్తు 120 మీటర్లు, ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, మంచిదే. కానీ జీఎస్‌డీ 2.2 నుంచి 3.3 సెంటీమీటర్లకి పోతుంది, వివరం తగ్గుతుంది.

కాబట్టి రాసి పెట్టుకోండి: ఓవర్‌ల్యాప్ లెక్క బ్లాక్‌లోని అన్నిటికంటే ఎత్తైన చోటికి వెయ్యాలి, జీఎస్‌డీ లెక్క అన్నిటికంటే లోతైన చోటికి వెయ్యాలి.

బ్లాకులుగా విడగొట్టడం

మన గనిని రెండు బ్లాకులు చేద్దాం. క్వారీ బ్లాక్‌ని అంచు నుంచి 80 మీటర్ల ఎత్తులో ఎగరేయొచ్చు. అక్కడ ఎత్తైన చోటు అంచే, దానికి మామూలు 80, 70 శాతం సరిపోతాయి. డంపు బ్లాక్‌ని 120లో ఎగరేద్దాం. డంపు పాదం దగ్గర 120 మీటర్లు, తల మీద 60 మీటర్లు. తల మీద 80, 70 శాతం కావాలి కానీ, యాప్ లెక్క వేసేది పాదానికి. అంటే యాప్‌కి చెప్పాల్సిన అంకెలు వేరు.

తల మీది ఎత్తుని పాదం దగ్గరి ఎత్తుతో భాగించండి. 60ని 120తో భాగిస్తే సగం. 80 శాతం ఓవర్‌ల్యాప్ అంటే అతుకు లేకుండా మిగిలేది 20 శాతం. అందులో సగం 10. యాప్‌లో ముందు ఓవర్‌ల్యాప్ 90 పెట్టండి. అలాగే పక్కకి మిగిలే 30లో సగం 15, కాబట్టి 85 పెట్టండి. ఫొటోలు పెరుగుతాయి, బ్యాటరీలు ఎక్కువ పడతాయి. తప్పదు.

మన డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని గగనతలం) అంటే నేల నుంచి 120 మీటర్ల దాకా. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట అది 60 మీటర్లకి తగ్గుతుంది. ఎత్తు ఖాయం చేసుకునేముందే మ్యాప్‌లో మీ గని ఎక్కడుందో చూసుకోండి.

ఎక్కడి నుంచి లేపాలి

క్వారీ అడుగున గాలి తక్కువగా ఉంటుందనో, జీపు అక్కడిదాకా వెళ్తుందనో కొందరు అడుగు నుంచే డ్రోన్ లేపుతారు. అదే 80 మీటర్లు పెడితే ఏమవుతుందో చూడండి. అడుగు నుంచి 80 అంటే అంచుకి 40 పైన. మన డంపు తల అడుగు నుంచి 100 మీటర్లు. డ్రోన్ నేరుగా డంపు వాలుకి కొట్టుకుంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు తిరిగొచ్చే ఎత్తు కూడా లేపిన చోటు నుంచే లెక్క. మిషన్ ఎత్తు జాగ్రత్తగా పెట్టి, రిటర్న్ ఎత్తుని పాత అంకె మీదే వదిలేయడం సర్వేయర్లలో తరచూ జరిగేదే. అంచు మీద, డంపూ క్వారీ రెండూ కంటికి కనబడే చోటు నుంచి లేపండి. బ్లాస్టింగ్ టైమ్ ముందే కనుక్కోండి.

టెరైన్ ఫాలో ఉందిగా?

ఉంది. నేల ఎగుడుదిగుళ్లని బట్టి డ్రోన్ తనే పైకీ కిందికీ కదులుతుంది. కొండల మీద చక్కగా పనిచేస్తుంది. గనిలో మాత్రం, ఆ నేల ఎత్తులు యాప్‌కి ఎక్కడి నుంచి వచ్చాయో అడగాలి. చాలా యాప్‌లలో ముందే ఉండే ఎత్తుల డేటాకి మూలం ఎస్‌ఆర్‌టీఎం, అంటే 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది. 2000 తర్వాత పోసిన డంపు అందులో లేదు. ఆ తర్వాత తవ్విన క్వారీ కూడా లేదు. ఆ డేటాని నమ్మి ఎగిరే డ్రోన్‌కి మీ డంపు ఉన్నచోట చదును నేలే కనిపిస్తుంది.

పద్ధతి ఇది. ముందు పైన చెప్పినట్టు బ్లాకులుగా, స్థిరమైన ఎత్తులో ఒకసారి ఎగరేయండి. ఆ ఫొటోలతో ఒక ముతక ఉపరితల మోడల్, అంటే డీఎస్ఎమ్, చేసుకోండి. రెండో ఫ్లైట్‌కి దాన్నే యాప్‌లోకి ఎక్కించి టెరైన్ ఫాలో పెట్టండి. డంపు మీద రోజూ మట్టి పడుతూనే ఉంటుంది, షావెల్ (తవ్వే యంత్రం) బూమ్ ఎత్తు కూడా ఉంటుంది, అందుకని నేలకీ డ్రోన్‌కీ మధ్య తగినంత ఖాళీ వదలండి. పోయిన నెల మోడల్‌తో ఈ నెల ఎగరేయకండి.

ఎక్కించేటప్పుడు ఒక టెన్షన్ ఉంది. శాటిలైట్ల నుంచి నేరుగా వచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే లెక్కల్లో భూమికి బదులు వాడే నున్నటి గోళం నుంచి కొలిచినది. గని ప్లాన్‌లో రాసుకునే ఆర్‌ఎల్ (రెడ్యూస్డ్ లెవెల్) సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. హైదరాబాద్ దగ్గర ఈ రెండింటి మధ్య తేడా సుమారు 76 మీటర్లు, ఎలిప్సాయిడ్ అంకే తక్కువ. యాప్ సముద్రమట్టం ఎత్తులు అడుగుతుంటే మీరు ఎలిప్సాయిడ్ మోడల్ ఇచ్చారనుకోండి, నేల ఉన్నదానికంటే 76 మీటర్ల కిందుందని యాప్ నమ్ముతుంది. మిగతాది మీరే ఊహించండి. యాప్ ఏది అడుగుతోందో మాన్యువల్‌లో చదివి, మోడల్‌లో అంచు దగ్గరి ఎత్తునీ గని బెంచ్‌మార్క్ (ముందే ఎత్తు కొలిచి పెట్టిన గుర్తు) ఆర్‌ఎల్‌నీ పక్కపక్కన రాసుకుని పోల్చాకే ఎగరేయండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడ గోడలు నిట్టనిలువుగా కోసి ఉంటాయి. కిందికి చూసే కెమెరాకి అలాంటి గోడ సన్నటి గీతలా కనిపిస్తుందంతే. కెమెరాని ఏటవాలుగా వంచి, గోడకి ఎదురుగా ఒక విడత ఫొటోలు తియ్యాలి. దానికి తర్వాత ఒక పాఠం పెడతాను.

సున్నపురాయి గనుల్లో పనిచేసేవాళ్లకి ఒక మాట. ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలకి (ఎంసీడీఆర్) వచ్చిన 2021 నవంబర్ సవరణ తర్వాత, ఏడాదికి 10 లక్షల టన్నులు లేదా అంతకు మించి తవ్వకం ప్లాన్ ఉన్న లీజులు, 50 హెక్టార్లు లేదా అంతకు మించిన లీజులు, ఏటా డ్రోన్ సర్వే చిత్రాలు ఇవ్వాలి. అది లీజు హద్దు దాటి 100 మీటర్ల వరకూ. ఆ 100 మీటర్లలో పక్కవాళ్ల డంపు ఉంటే దాని ఎత్తు కూడా మీ లెక్కలోకి వస్తుంది.

అభ్యాసం

క్వారీ అడుగు అంచుకి 55 మీటర్ల కింద, డంపు తల అంచుకి 35 మీటర్ల పైన. కెమెరా పైన చెప్పినదే. జీఎస్‌డీ ఎక్కడా 3 సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కడా 80, 70 శాతానికి తగ్గకూడదు, నేల నుంచి 120 మీటర్లు మించకూడదు. ముందు మొత్తాన్నీ ఒకే బ్లాక్‌గా ఎగరేస్తే డంపు తల మీద ఎంత ఎత్తు మిగులుతుందో కట్టండి. తర్వాత రెండు బ్లాకులు చేసి, ఒక్కోదానికీ అంచు నుంచి ఎత్తు, యాప్‌లో పెట్టాల్సిన రెండు ఓవర్‌ల్యాప్‌లూ రాయండి. కాగితం మీదే చేయండి, యాప్ తెరవకండి.

జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు (నేల మీద కచ్చితంగా కొలిచి పెట్టే గుర్తులు) క్వారీ అడుగున ఎన్ని, బెంచీల మీద ఎన్ని, డంపు మీద ఎన్ని పెట్టాలో చూద్దాం. మీ గని ప్లాన్ కాపీ, అందులో బెంచ్‌మార్క్‌ల జాబితా దగ్గర పెట్టుకుని రండి.