పాత బండిని కొత్తగా మార్చాక వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

పాత మోటార్‌సైకిల్‌ని మనకు నచ్చినట్టు మార్చుకోవడంలో సగం సరదా విప్పి బిగించడంలోనే ఉంది. మిగతా సగం నడపడంలో ఉండాలి. కానీ మార్పులైన కొత్తలో ఆ సగం ఎక్కువగా రోడ్డు పక్కన నిలబడటంతోనే సరిపోతుంది. బండి మొరాయించగానే చాలామంది ఇంజిన్‌ని అనుమానిస్తారు. పాతది కదా, లోపల ఏదో అరిగిపోయి ఉంటుందనుకుంటారు. నేనైతే ముందు అడిగేది ఒకటే: చివరగా ఏం మార్చారు? నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజిన్ సరిగ్గా హ్యాండిల్ మార్చిన రోజే పాడవడం చాలా అరుదు. అందుకే ఇక్కడ ప్రతి సమస్యనూ మార్చిన చోటు నుంచే వెతుకుతూ వెళ్దాం.

ఒక మల్టీమీటర్, సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్, ప్లగ్ స్పానర్, మంచి స్థితిలో ఉన్న స్పేర్ ప్లగ్ దగ్గరుంటే చాలా పని అయిపోతుంది.

యాక్సిలరేటర్ తిప్పితే పికప్ రాదు, దగ్గుతుంది, సైలెన్సర్‌లో టపటపమంటుంది

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, కార్బురేటర్‌కి నేరుగా తగిలించే పాడ్ ఫిల్టర్ పెట్టారా? పొగని అడ్డం లేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించారా? ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఈ రెండు మార్పుల తర్వాతే. గాలి ఎక్కువ వెళ్తోంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కనే అందుతోంది. అంటే గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడింది. ప్లగ్ తీసి చూస్తే కొన తెల్లగా పాలిపోయి ఉంటుంది. లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా మండుతున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, అప్పుడు మాత్రం నిజంగానే ఇంజిన్‌ని అనుమానించాలి.

ఇక్కడ చాలామంది నేరుగా పెద్ద మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న భాగమే జెట్) కొనేస్తారు. తొందరపడొద్దు. యాక్సిలరేటర్ గ్రిప్ మీద చిన్న టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. బండి ఏ గుర్తు దగ్గర ఇబ్బంది పెడుతోందో గమనిస్తే కార్బురేటర్‌లో ఏ భాగాన్ని ముట్టుకోవాలో తెలిసిపోతుంది. ఐడ్లింగ్ నుంచి దాదాపు పావు వరకు పైలట్ జెట్‌దీ, స్క్రూదీ పెత్తనం. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్‌ది, అంటే యాక్సిలరేటర్‌తో పాటు లేచే సూదిది. ఆ పైన మెయిన్ జెట్‌ది. మధ్యలో దగ్గుతుంటే మెయిన్ జెట్ ఎంత మార్చినా పెద్దగా ఫలితం ఉండదు. నీడిల్ మీది క్లిప్‌ని ఒక గాడి మొన వైపు దింపండి. నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది. తిరిగి నడిపి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తేలదు.

స్క్రూ విషయంలో ఒక తిరకాసుంది. అది కార్బురేటర్‌కి ఫిల్టర్ వైపు ఉంటే ఎయిర్ స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. ఇంజిన్ వైపు ఉంటే సాధారణంగా మిక్స్‌చర్ స్క్రూ, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఇది చూసుకోకుండా తిప్పితే వ్యవహారం పూర్తిగా తలకిందులవుతుంది.

జెట్‌లన్నీ సరిచేసినా యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ పేలుతుంటే, సైలెన్సర్ పైపు ఇంజిన్‌ని కలిసే చోట గ్యాస్కెట్ చూడండి. అక్కడ గాలి లోపలికి లాగితే ఇదే శబ్దం వస్తుంది.

గాలి దారిని తెరిచే స్లయిడ్ వాక్యూమ్‌తో లేచే సీవీ రకం కార్బురేటర్ అయితే పాడ్ ఫిల్టర్‌తో కుస్తీ ఎక్కువ. స్లయిడ్ సాఫీగా లేవాలంటే గాలి నిలకడగా రావాలి, పాత డబ్బా చేసేది ఆ పనే. దాన్ని పారేయకుండా దాచుకోండి. నా మాట వింటే, వీలైతే తిరిగి బిగించేయండి. డబ్బా లేకపోతే బండి వెనుక భాగం తేలిగ్గా, అందంగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ అందం కోసం పికప్ వదులుకోవడం నాకు నచ్చని బేరం. ఇక టూ స్ట్రోక్ బండి అయితే పలచని మిశ్రమంతో అసలు నడపొద్దు. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కి పట్టేస్తుంది.

చోక్ లాగి ఉంచితేనే నడుస్తుంది

మార్పుల పనిలో బండి నెలల తరబడి పక్కన పడి ఉంటుంది. కార్బురేటర్ కింది గిన్నెలో మిగిలిన పెట్రోల్ ఆరిపోయి జిగురుగా మారి, అన్నిటికంటే సన్నని రంధ్రమున్న పైలట్ జెట్‌ని మూసేస్తుంది. జెట్ విప్పి కార్బ్ క్లీనర్‌తో, గాలి పెట్టి శుభ్రం చేయండి. ఇనుప తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు.

కాసేపు బాగా నడిచి ఆగిపోతుంది, కొంతసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది

ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. సుయ్యిమని గాలి లోపలికి వెళ్లిందా? బండి వెంటనే అందుకుందా? అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగేకొద్దీ పైనుంచి గాలి రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ కిందికి రాదు. ట్యాంకుతో పాటు మూతకీ పెయింట్ వేయించిన బండ్లలో దీన్ని మొదట చూడాలి. సన్నని తీగతో రంధ్రం తెరిస్తే పని అయిపోయింది.

మూత తెరిచినా ఫలితం లేకపోతే ప్లగ్ తీసి, క్యాప్‌కి తగిలించి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొట్టండి. దానికి ముందు ట్యాంకు మూత బిగించండి, చుట్టుపక్కల పెట్రోల్ తడి లేకుండా చూసుకోండి. స్పార్క్ రాకపోయినా, సన్నగా పసుపు రంగులో వచ్చినా, చల్లారాక మళ్లీ బాగా వస్తున్నా అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీద. స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్లున్న పాత బండి అయితే, వాటికి తోడుగా ఉండే కండెన్సర్ మీద కూడా. పాయింట్ల మధ్య మెరుపులు ఎక్కువగా కనిపిస్తే కండెన్సర్ పోయినట్టే అనుకోవచ్చు. ఆ పాయింట్ల గ్యాప్ చాలా పాత బండ్లలో 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఎంతుందో చూసి పెట్టండి.

లైటు మందంగా వెలుగుతుంది, హారన్ మూలుగుతుంది, ఇండికేటర్లు పిచ్చిగా కొట్టుకుంటాయి

ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయించిన బండిలో ముందు చూడాల్సింది ఎర్త్. బ్యాటరీ నెగటివ్ వైరు ఫ్రేమ్‌కి కలిసే చోట పెయింట్ పొర అడ్డుపడుతుంది. ఆ ఒక్క చోట లోహం మెరిసేలా గీకి, వైరు బిగించి, పైన కొద్దిగా గ్రీజు రాయండి. ఇంజిన్ నుంచి బ్యాటరీకి వేరుగా ఒక ఎర్త్ వైరు లాగితే ఇంకా మంచిది. వైరింగ్ మొత్తం మార్చేయాలని ఎవరైనా చెప్తే, ఈ పని చేశాకే వినండి.

తర్వాత మల్టీమీటర్. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి చార్జిలో, బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజిన్ వేగం కొంచెం పెంచితే 13.8 నుంచి 14.5 మధ్యకి రావాలి. పెరగకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పాడైంది, బ్యాటరీ ఉడికిపోతుంది. రెండూ బాగుండి హెడ్‌లైటు మాత్రమే మందంగా ఉంటే కారణం పాత స్విచ్. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. అరిగిన స్విచ్, సన్నని వైరు ఆ కరెంటుని మోయలేవు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) పెట్టి, ఫ్యూజుతో సహా బ్యాటరీ నుంచి నేరుగా లైన్ ఇవ్వండి.

ఎల్ఈడీ ఇండికేటర్లు వేగంగా కొట్టుకోవడం జబ్బేమీ కాదు. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడంతో, ఇండికేటర్లని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ బల్బు పోయిందని అనుకుంటుంది. ఎల్ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి.

హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ రేజ్ అవుతుంది

బండిని అప్పుడే ఆపేయండి. ఎత్తు హ్యాండిల్ వేసి పాత యాక్సిలరేటర్ కేబులే ఉంచితే, తిప్పినప్పుడు కేబుల్ లాగుకుపోయి ఇంజిన్ వేగం దానంతటదే పెరుగుతుంది. యూ టర్న్‌లో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. పొడవైన కేబుల్ వేసి, గ్రిప్ దగ్గర 2 - 3 మి.మీ. ఫ్రీ ప్లే ఉంచి, హ్యాండిల్‌ని అటు చివర నుంచి ఇటు చివరకు తిప్పి చూడండి. క్లచ్ జారుతుంటే, ప్లేట్లు మార్చేముందు క్లచ్ కేబుల్‌ని కూడా ఇలాగే చూడండి.

వేగంలో హ్యాండిల్ ఊగుతుంది

ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, ఫోర్క్ కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమంటే స్టీరింగ్ బేరింగులు వదులయ్యాయి. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే నడిమధ్యలో గాడిలో పడినట్టు ఆగుతుందా? బేరింగు గిన్నెలు అరిగాయి, బిగిస్తే సరిపోదు, మార్చాల్సిందే. వెనుక చక్రాన్ని పక్కలకు ఊపి, ఆ చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా చూడండి.

ఇవన్నీ బాగుంటే మీరు బండి ఎత్తుని మార్చారేమో చూడండి. వెనుక పొడవైన షాక్ అబ్జార్బర్లు వేసినా, బండి ముందు భాగాన్ని కిందికి దించినా స్టీరింగ్ కోణం నిలువవుతుంది. బండి వంపుల్లో చురుగ్గా తిరుగుతుంది, తిన్నని రోడ్డు మీద నిలకడ పోగొట్టుకుంటుంది. ఒకవైపు చేసిన మార్పుని కొంత వెనక్కి తీసుకోవడమే దారి. పొడవైన షాక్‌లు వేస్తే చైన్ వదులుని కూడా కొత్తగా సెట్ చేయాలి. వెనుక ఇరుసు, స్వింగ్ ఆర్మ్ పివట్, ముందు స్ప్రాకెట్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ బాగా బిగుసుకుంటుంది. ఆ స్థితిలోనూ కాస్త వదులు మిగలాలి.

టైరు పక్కన నాలుగంకెల తారీఖు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. టైరు డిజైన్ ఎంత ముద్దొచ్చినా, గట్టిపడిన పాత టైరు రోడ్డుని పట్టుకోదు.

నడుపుతుండగా ఊపు మొదలైతే గట్టిగా బ్రేక్ వేయొద్దు, హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవద్దు. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి.

కార్బురేటర్ కింద పైపులోంచి పెట్రోల్ కారుతుంది

ట్యాంకు తుప్పు రేణువు, గిన్నె నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. గిన్నె విప్పి శుభ్రం చేసి, నీడిల్ మొన మీద గాడి పడిందేమో చూసి, పైపులో ఫిల్టర్ వేయండి. పైపులు, సీళ్లు పాతవైతే అవి కూడా మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో పాతకాలపు రబ్బరు కొన్ని రకాలు ఉబ్బిపోతాయి. రాత్రంతా కారిందంటే కిక్ కొట్టే ముందు ఇంజిన్ ఆయిల్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.