కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లకి: జనం లెక్క, ఆటగాళ్ల గౌరవాలు

కాలేజీ టీముకి చరిత్ర రాస్తున్నామని నలుగురికి తెలిస్తే చాలు, రెండు మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఒకటి "ఆ ఫైనల్‌కి ఇసకేస్తే రాలనంత జనం". రెండోది "నేను యూనివర్సిటీ ప్లేయర్ని". రెండూ నిజమే కావచ్చు. కానీ కాగితం చూడందే ఏదీ ఎక్కించకండి. కాగితం లేకపోతే "ఫలానా వారు చెప్పారు" అని పక్కన రాసి ఎక్కించండి. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది, దొరికితే ఎలా చదవాలి అన్నదే.

నేను ఆడింది విజయనగరంలో, ఉద్యోగం శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా. ఈ పని నాకు కాలేజీలకి గ్రేడిచ్చే న్యాక్ పుణ్యమా అని తగులుకుంది. వాళ్ల నివేదికలో 5.3 అనే అంశం కింద ఆటల్లో వచ్చిన పతకాలు, అవార్డులు ఐదేళ్లవి అడిగారు. ఐదేళ్ల ఫైళ్లు తీస్తే వాటి కింద పాతవి కనిపించాయి. ఇక వదలబుద్ధి కాలేదు.

చాలామంది కప్పుల బీరువా దగ్గర మొదలుపెడతారు. కప్పు చెప్పేది తక్కువ. "రన్నర్స్" అని ఉంటుంది, విరాళమిచ్చిన పెద్దమనిషి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆడినవాళ్ల పేరు ఒక్కటీ ఉండదు. ముందు ఆఫీసుకి వెళ్లి గేమ్స్ ఫీజు ఖాతా క్యాష్‌బుక్, టీఏ డీఏ బిల్లులు, రైల్వే కన్సెషన్ ఫారాల నకళ్లు అడగండి. టీము వైజాగ్ వెళ్లిందంటే డీఏ తీసుకున్న ప్రతి పిల్లా సంతకం పెట్టి ఉంటుంది. సంతకం ఉన్నంత మాత్రాన ఆడిందని కాదు, వెళ్లిందని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. తర్వాత ఎలిజిబిలిటీ ప్రొఫార్మాలు. ఫొటో అంటించి, పుట్టిన తేదీ రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో యూనివర్సిటీకి పంపే జాబితా అది. ఆఫీసు కాపీ ఎక్కడో ఒకచోట ఉంటుంది. పుట్టిన తేదీలు, చిరునామాలు మాత్రం మీ పుస్తకంలోకి రానివ్వకండి.

ఆఫీసులో సూపరింటెండెంట్ గారు "పాతవన్నీ తడిసిపోయాయమ్మా" అంటే అక్కడితో ఆగిపోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక మా వైపు తడవని స్టోర్‌రూము అరుదు. తడిసి ఆరిన రిజిస్టర్‌లో పేజీలు అంటుకుని ఉంటే బలవంతంగా విప్పకండి. ఇంకా చెమ్మగా ఉంటే ఎండలో కాకుండా ఫ్యాన్ గాలికి పెట్టి, పేజీల మధ్య తెల్ల కాగితాలు మారుస్తూ ఉండండి. అద్దానికి అతుక్కున్న గ్రూప్ ఫొటోని పీకవద్దు, అద్దం పైనుంచే ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

అన్నిటికంటే విలువైనది స్కోర్‌షీట్. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో దానికి తెల్ల అసలు కాక రంగు కాపీలు ఉంటాయి. నీలం నిర్వాహకులకి, గులాబీ గెలిచిన టీముకి, పసుపు ఓడిన టీముకి. మీ బీరువాలో పసుపు కాగితం కనిపిస్తే స్కోరు చదవకుండానే ఫలితం తెలిసిపోతుంది. లోకల్‌గా ప్రింట్ చేయించిన షీట్లు వాడితే ఈ రంగుల లెక్క పనిచేయదు, అప్పుడు కింద కెప్టెన్ల, రిఫరీల సంతకాలు చూడండి. నడిచే స్కోరు వరసలో అంకె మీద అడ్డగీత ఉంటే రెండు పాయింట్లు, నింపిన చుక్క ఉంటే ఫ్రీ త్రో, ఆటగాడి నంబరు చుట్టూ సున్నా చుట్టి ఉంటే మూడు పాయింట్లు. అంతర్జాతీయంగా మూడు పాయింట్ల గీత 1984లో వచ్చింది. అంతకుముందు షీట్లో సున్నా చుట్టిన నంబర్లుంటే సంవత్సరం తప్పు రాశారని అనుమానించండి. అలాగే 2000లో రెండు ఇరవై నిమిషాల భాగాలు పోయి నాలుగు పది నిమిషాల క్వార్టర్లు వచ్చాయి. షీట్ మీద తేదీ చెరిగిపోతే ఈ గడులే దారి చూపిస్తాయి. కొత్త నియమం అంతర్జాతీయంగా వచ్చిన రోజే మన సిమెంట్ కోర్టుకి రాదు, రంగు డబ్బా కొనడానికి కూడా శాంక్షన్ కావాలి కదా. అందుకని దీంతో "ఇంతకంటే ముందుది కాదు" అని తేల్చొచ్చు, ఫలానా ఏడాదిదే అని చెప్పలేం.

జెర్సీ నంబరు చూసి మనిషిని గుర్తుపట్టాలనుకోకండి. ఫిబా నియమాల్లో చాలాకాలం 4 నుంచి 15 వరకే నంబర్లు. ఏటా అవే పన్నెండు. పైగా జెర్సీలు కాలేజీవి. ఈ ఏడాది 7 వేసుకున్న అమ్మాయి కోర్సు అయిపోతే అదే చొక్కా ఉతికి కొత్త అమ్మాయికి ఇస్తాం. అమెరికా కాలేజీల్లో గొప్ప ఆటగాడి నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా చొక్కాని పైకప్పుకి వేలాడదీస్తారు. పన్నెండే ఉన్నచోట ఆ ముచ్చట తీర్చుకుంటే కొన్నాళ్లకి ఆడటానికి నంబర్లు మిగలవు.

సంవత్సరం ఎలా రాయాలో మొదటి రోజే తేల్చుకోండి. 1987 జనవరిలో జరిగిన యూనివర్సిటీల సౌత్‌జోన్ పోటీ 1986-87 సీజన్‌ది. కొందరు 1987 అని, కొందరు 86 అని చెబుతారు, మీరు ఒకే పోటీని రెండుసార్లు ఎక్కిస్తారు. సీజన్ ఒక గడిలో, అసలు తేదీ ఇంకో గడిలో పెట్టుకోండి. జిల్లా పేరుతో కూడా జాగ్రత్త. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు విజయనగరం కాలేజీ కుర్రాడు విశాఖ జిల్లాకి ఆడితే అతను ఊరు మారినట్టు కాదు. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. యూనివర్సిటీ కూడా అంతే. శ్రీకాకుళం కాలేజీలకి 2008 దాకా ఆంధ్రా యూనివర్సిటీయే. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ ఆ తర్వాతది. 1990లో ఆడినావిడ సెలక్షన్ కాగితం కోసం ఎచ్చెర్ల తిరిగితే బస్సు ఛార్జీ దండగ.

తేదీ ఎవరికీ గుర్తులేనప్పుడు పండగ అడగండి. "సిరిమాను అయిన వారానికి ఫైనల్ ఆడేం" అంటారు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆ ఏడాది పంచాంగం తీస్తే వారం దొరికిపోతుంది. శ్రీకాకుళం వాళ్లయితే అరసవల్లి రథసప్తమి చెబుతారు. ఆ వారం దొరికాక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు ఉంటే ఆ నాలుగు రోజులవి తిరగేస్తే చాలు. బైండు మొత్తం తిరగేస్తే దుమ్ముకి జలుబు ఖాయం.

ఇక జనం లెక్క. ఇది అన్నిటికంటే మోసం చేసే గడి. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఈ లెక్క ఒక్క అంకె దాకా ఉంటుంది. 1968 జనవరి 20న ఆస్ట్రోడోమ్ స్టేడియంలో హ్యూస్టన్, యూసీఎల్‌ఏ యూనివర్సిటీల టీములు ఆడితే 52,693 మంది. 2019 ఫిబ్రవరి 23న సిరక్యూస్ యూనివర్సిటీ సొంత డోమ్‌లో డ్యూక్ యూనివర్సిటీతో ఆడితే 35,642. మొదటిది పెద్దదైనా క్యాంపస్‌లో జరిగిన ఆటల రికార్డు రెండోదానిదే అంటారు, ఎందుకంటే ఆస్ట్రోడోమ్ క్యాంపస్ కాదు. సొంత గ్రౌండు లెక్క వేరు, బయటి స్టేడియం లెక్క వేరు. మనం తీసుకోవాల్సింది ఈ విడదీయడమే. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో జరిగిన ఫైనల్ జనాన్ని మీ కాలేజీ కోర్టు జనంతో ఒకే వరసలో పెట్టకండి. అమెరికాలో కూడా ఆ అంకె చాలాసార్లు టికెట్ల లెక్కే, కుర్చీలో కూర్చున్న మనిషి లెక్క కాదు.

మన దగ్గర టికెట్టే లేదు. మరి ఎలా? కొలవాలి. కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు. చుట్టూ రెండు మీటర్లు వదిలితే జనం నిలబడే అంచు 102 మీటర్లు. భుజం భుజం రాసుకుని నిలబడితే మనిషికి అర మీటరు, అంటే వరసకి రెండొందల మంది. నేల చదునుగా ఉంటే మూడు వరసల వెనక నిలబడినవాడికి ముందువాడి తలకాయ తప్ప ఏమీ కనిపించదు, కాసేపుండి పోతాడు. కాబట్టి గ్యాలరీ లేని కోర్టు చుట్టూ ఆరొందలు, ప్రహరీ మీదా హాస్టల్ వరండాలోనూ ఇంకో వంద. అదే చాలా గొప్ప జనం. మర్నాడు పేపర్లో "వేలాదిమంది" అని రావడం విలేకరి గారి మంచితనం. గ్యాలరీ ఉంటే మెట్టు పొడవు కొలిచి మనిషికి 45 సెంటీమీటర్ల చొప్పున భాగించండి. ముప్ఫై మీటర్ల మెట్టు మీద నిండా కూర్చుంటే అరవై ఆరుగురు. ఫొటో ఉంటే ఇంకా మేలు. బర్కిలీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం ప్రొఫెసర్ 1960లలో తన కిటికీలోంచి విద్యార్థుల సభలు చూసి ఒక లెక్క కట్టాడు. పలచగా ఉంటే మనిషికి పది చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర. ఫొటోని గడులుగా విడగొట్టి ఒక గడిలో తలలు లెక్కపెట్టి హెచ్చవేసుకోవచ్చు.

ఒక పాత ఆటగాడికి ఫోన్ చేసి ఈ లెక్క చెబితే ఆయనకి కోపం వచ్చింది. "ఏటమ్మా, ఆ రోజు నువ్వున్నావేటి? చెట్లెక్కి చూసేరు జనం" అన్నారు. చెట్ల మీద ఎంతమంది బాబాయ్ అని అడిగితే కాసేపాలోచించి "పదిమందుంటారు" అన్నారు. ఆ పదిమందిని కూడా కలిపి, సుమారు 700 అని రాసి, పక్కన "కొలత, ఒకరి మాట" అని పెట్టాను. ప్రతి అంకె పక్కనా ఇలా ఒక గుర్తు ఉండాలి. "కొ" కొలత, "ఫొ" ఫొటో, "ప" పత్రిక, "మా" మాట. గుర్తు లేని అంకె రెండేళ్లు పోయాక మీకే పరాయిదైపోతుంది.

గౌరవాల దగ్గర మెట్లు విడివిడిగా ఉంచండి. కాలేజీ తరఫున ఇంటర్ కాలేజియేట్ ఆడటం ఒకటి. అక్కడ ఎంపికై యూనివర్సిటీ టీములో సౌత్‌జోన్ ఆడటం ఇంకొకటి. జోన్ దాటి ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ ఆడటం మూడోది. "యూనివర్సిటీ ప్లేయర్" అన్నవాళ్లలో కొందరు మొదటి మెట్టు వాళ్లే, యూనివర్సిటీ పెట్టిన పోటీలో ఆడారు కాబట్టి అలా అంటారు. అబద్ధమనకండి, సర్టిఫికెట్ చూపించమనండి. కోచింగ్ క్యాంపుకి వెళ్లినవాళ్లు, స్టాండ్‌బైగా ఉన్నవాళ్లు వేరే గడి. ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా పెట్టినవాళ్ల దగ్గర ఫారం-3 ఉంటుంది, యూనివర్సిటీల మధ్య పోటీలకి ఇచ్చేది అదే. దానికంటే బలమైన కాగితం దొరకదు.

హోదా, ఆట కూడా వేరు. ఇది మన ఊరివాళ్లకి వేరే చెప్పాలా? విజయనగరం రాజకుమారుడు విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, ఆ టూర్‌లోనే సర్ బిరుదు వచ్చింది, మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు. కెప్టెన్ అని ఒక గడిలో, పరుగులు ఇంకో గడిలో రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు. మీ పుస్తకంలోనూ "కెప్టెన్" పక్కన ఆడిన మ్యాచ్‌లు, వేసిన పాయింట్లు రాయండి.

చదివేటప్పుడు వచ్చినవి, తర్వాత వచ్చినవి కలపకండి. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చాక ఆమె మావాళ్ల పిల్లేనని చెప్పుకోని ఊరు లేదు. బరువులెత్తడం నేర్చింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. కాలేజీ రోల్స్‌లో ఉన్నప్పుడు వచ్చిన గౌరవమే మీ పట్టికలో ఉండాలి. ఉద్యోగంలో చేరాక డిపార్ట్‌మెంట్ టీముకి ఆడి తెచ్చుకున్న పతకం "తర్వాతి విశేషాలు" అనే చోట.

పాయింట్ల రికార్డు పెడితే కాలం కూడా రాయండి. అమెరికాలో పీట్ మారవిచ్ మూడు సీజన్లలో, మూడు పాయింట్ల గీత లేని రోజుల్లో 3,667 పాయింట్లు చేశాడు. 2023లో ఆంట్వాన్ డేవిస్ ఐదు సీజన్లు ఆడి, గీత కూడా ఉండి, 3,664 దగ్గర ఆగాడు. అంకెలు పక్కపక్కనే ఉన్నా ఆటలు వేరు. మన మామూలు డిగ్రీ మూడేళ్లే, అందులో ఫస్టియర్ అడ్మిషన్లు ఆలస్యమైతే రెండు సీజన్లే. మొత్తం పాయింట్లకంటే మ్యాచ్‌కి సగటు రాయడం న్యాయం.

అమ్మాయిల టీము దగ్గర ఇంకో చిక్కు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఎనభైల్లో "పి" అనే ఇనీషియల్‌తో ఉన్న అమ్మాయీ, ఇప్పుడు "బి"తో సంతకం పెడుతున్న టీచరమ్మా ఒకరే కావచ్చు. మీ జాబితాలో ఇద్దరైపోతారు. అడ్మిషన్ రిజిస్టర్ నంబరు ప్రతి పేరు పక్కనా పెట్టుకుంటే ఈ బాధ లేదు. పేరు ఎలా మారినా నంబరు మారదు. గ్రూప్ ఫొటోల కింద "కూర్చున్నవారు ఎడమ నుంచి" అని ఉంటుంది, దాన్ని కూడా రిజిస్టర్‌తో సరిచూడండి. ఆ రోజు రానివాళ్ల పేరు కూడా వరసలో అచ్చు వేసేస్తారు, తలలు పదకొండు, పేర్లు పన్నెండు. ముందు కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర బంతి మీద సుద్దతో సంవత్సరం రాసి ఉందేమో భూతద్దంతో చూడండి.

ఇవన్నీ ఎక్సెల్‌లో పెట్టండి. ఒక వరస ఒక మ్యాచ్, ఇంకో షీట్‌లో ఒక వరస ఒక మనిషి. కాపీ ఒకటి కాలేజీలో, ఒకటి బయట. ఈ ఏడాది మ్యాచ్‌లకైతే పని తేలిక. ఆట అయ్యాక రిఫరీ సంతకం పెట్టగానే టేబుల్ దగ్గరే స్కోర్‌షీట్ ఫొటో తీయండి, హాఫ్‌టైమ్‌లో మెట్టెక్కి నాలుగు వైపులా జనాన్ని ఫొటో తీయండి, ఆ రెండూ మ్యాచ్ తేదీతోనే సేవ్ చేయండి. ఈ పని ఫస్టియర్ పిల్ల ఒకతెకి అప్పజెప్పండి. ఫైనలియర్ వాళ్లకిస్తే మార్చిలో ఫోన్‌తోపాటు రికార్డూ వెళ్లిపోతుంది.